ఒక గ్లాసు, రెండు స్ట్రాలు

ముందే ఒప్పేసుకుంటా. పగలంతా కోడ్‌తో కుస్తీ పట్టే మనిషిని కాబట్టి రాత్రిళ్లు కూడా క్లౌడ్ గురించో, ఏఐ గురించో చదువుతుంటానని మా టీమ్‌లో అందరూ అనుకుంటారు. కాదండీ. నేను చదివేది ప్రేమ నవలలు. అందులోనూ ఒక ప్రత్యేకమైన రకం. అమెరికాలో 1950ల నాటి చిన్న ఊరు. రాక్ అండ్ రోల్ అప్పుడప్పుడే పుట్టిన రోజులు. ఒక చర్చి, పాస్టరు గారి అమ్మాయి, గిటారు పట్టుకున్న ఒక అబ్బాయి. ఇలాంటి కథలకు ఇక్కడ సొంత మార్కెట్టే ఉంది. 'క్రిస్టియన్ రొమాన్స్' అంటారు.

ప్రాజెక్టు పని మీద నేను నాష్‌విల్ వచ్చి పది నెలలైంది. టెనెసీ రాష్ట్రానికి రాజధాని. పాటల ఊరు. బైబిళ్లు, భక్తి పుస్తకాలు అచ్చువేసే పెద్ద పెద్ద సంస్థలున్న ఊరు కూడా. వచ్చిన కొత్తలో ఎవరూ తెలీదు, కారు లేదు, శనివారం వస్తే తోచేది కాదు. అలాంటి ఒక శనివారం పాత పుస్తకాల అమ్మకంలో సంచీడు పుస్తకాలు కొన్నాను. పైన ఉన్న పుస్తకం అట్ట మీద చుక్కల గౌను వేసుకున్న అమ్మాయి, ఎర్రటి గుండ్రటి స్టూలు, బల్ల మీద పొడుగాటి గ్లాసులో మిల్క్‌షేక్. గ్లాసు ఒకటే. స్ట్రాలు రెండు.

ఆ రెండు స్ట్రాలు చూసే కొన్నానంటే నవ్వకండి. అప్పటికి నాకూ, హైదరాబాద్‌లో ఉన్న అతనికీ మధ్య పదిన్నర గంటల తేడా ఉంది, ఎనిమిదేళ్ల స్నేహం ఉంది, రెండిళ్లలోనూ ఇంకా చెప్పని ఒక మాట ఉంది.

నేను చదివిన ఓ పది నవలలు కలిపి ఒకే కథగా చెబుతా. పెద్ద తేడా ఉండదు, భయపడకండి. అమ్మాయి చర్చి కాయిర్‌లో పాడుతుంది. వాళ్ల నాన్నకు ఒక చిన్న సోడా షాపు. అంటే ఐస్‌క్రీము, మిల్క్‌షేక్, బర్గరు దొరికే కొట్టన్నమాట. మూలన జ్యూక్‌బాక్స్. నాణెం వేస్తే పాట వస్తుంది. ఊళ్లోకి కొత్తగా ఒక కుర్రాడు దిగుతాడు. జుట్టుకి నూనె, చేతిలో గిటారు, వెనకాల ఏదో కథ. పెద్దవాళ్లు "ఆ సంగీతం సైతాను సంగీతం" అంటారు. అమ్మాయికి మాత్రం ఆ పాటలో తప్పేమీ వినిపించదు. సోడా షాపు అప్పుల్లో పడుతుంది. దాన్ని కాపాడటానికి ఒక పాటల కచేరీ పెడతారు. కుర్రాడు తన పాత తప్పు ఒప్పుకుని ప్రార్థన చేస్తాడు. చివరి పేజీల్లో పెళ్లి మాట. ముద్దు ఉంటే ఒక్కటే, అదీ ఆఖర్న.

మనకిది కొత్తేమీ కాదు. మా అమ్మ ఇప్పటికీ యద్దనపూడి గారి 'సెక్రటరీ' తీసి చదువుతుంది. రాజశేఖరం ఎలా మాట్లాడతాడో, జయంతి ఎలా అలుగుతుందో ఆమెకు నోటికొచ్చు. "చివరికి కలుస్తారని తెలుసు కదమ్మా, మళ్లీ ఎందుకు చదవడం?" అని అడిగితే, "కలుస్తారని తెలుసు కాబట్టే" అంటుంది. ప్రేమ నవలలకు ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

క్రిస్టియన్ రొమాన్స్‌లో అదనంగా ఒక లెక్క ఉంటుంది. మామూలు ప్రేమ కథలో ఇద్దరి మధ్య గొడవ తీరితే చాలు. ఇక్కడ దేవుడితో ఉన్న గొడవ కూడా తీరాలి. అవిశ్వాసితో జోడు కట్టకూడదన్న పౌలు మాట ఈ కథలకు వెన్నెముక. అందుకే అబ్బాయి ఎంత అందగాడైనా, ఎంత బాగా పాడినా, విశ్వాసం దారికి వచ్చేదాకా అమ్మాయి చెయ్యి దొరకదు. బూతులుండవు, పడకగది తలుపు తెరుచుకోదు. ఇంట్లో ఎవరి చేతికైనా ఇవ్వచ్చు.

ఈ రకం కథలకు చరిత్ర కూడా ఉంది. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ అనే ఆవిడ 1947లో చనిపోయే నాటికి ఇలాంటి కథలు వందకు పైగా రాసేశారు. ఇప్పుడున్న మార్కెట్టుకు తలుపు తీసింది మాత్రం జనెట్ ఓక్. 1979లో ఆవిడ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'లో గుర్రపు బండి మీద పడమటికి వలసపోయిన ఒక అమ్మాయి భర్తను పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత చాలా కాలం ఈ నవలలంటే మైదానాలు, గుర్రాలు, కిరోసిన్ దీపాలే. 1997లో హార్లెక్విన్ లాంటి పెద్ద సంస్థ కూడా 'లవ్ ఇన్‌స్పైర్డ్' పేరుతో ఈ బజారులోకి దిగింది. అదే ఏడాది బెవర్లీ లూయిస్ 'ది షన్నింగ్'తో ఆమిష్ పల్లెల కథలకు గిరాకీ వచ్చింది. కాలం ముందుకు జరిగేకొద్దీ 1950లు కూడా 'చరిత్ర' అయిపోయాయి. అప్పుడు గౌన్లూ, జ్యూక్‌బాక్సులూ వచ్చాయి. ఈ రంగంలో బాగా పేరున్న ఫ్రాన్సీన్ రివర్స్ 2014లో రాసిన 'బ్రిడ్జ్ టు హేవెన్' ఆ దశాబ్దం కథే. వంతెన కింద వదిలేసిన పసిపాపను ఒక పాస్టరు పెంచుతాడు. పెద్దయ్యాక ఆ పిల్ల హాలీవుడ్‌కు పారిపోతుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన అబ్బాయి ఆమె కోసం ఎదురుచూస్తాడు.

నిజానికి 50ల మీద బెంగ అమెరికా వాళ్లకు చాలా త్వరగా పట్టుకుంది. 1973లో 'అమెరికన్ గ్రఫీటీ' సినిమా, 1974లో 'హ్యాపీ డేస్' టీవీ సీరియల్, 1978లో 'గ్రీజ్' సినిమా. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం చూసి అలసిపోయిన జనానికి ఆ పాత జ్యూక్‌బాక్స్ చల్లటి మంచినీళ్లలా అనిపించి ఉంటుంది. పైగా ఆ కాలంలో దేశం దేవుడి పేరు గట్టిగా పలికింది. 1954లో జెండా ప్రతిజ్ఞలో దేవుడి మాట చేర్చారు. 1956లో దేవుణ్ణి నమ్ముతున్నామన్న మాటను జాతీయ నినాదం చేశారు. 1957లో బిల్లీ గ్రాహం న్యూయార్క్‌లో మొదలుపెట్టిన సువార్త సభలు నాలుగు నెలల దాకా సాగాయి. అదే ఏడాది జనవరి 6న టీవీలో ఎల్విస్ ప్రెస్లీని నడుము పైనుంచి మాత్రమే చూపించారు, కాళ్లు కదిపితే పిల్లలు చెడిపోతారని. అదే కార్యక్రమంలో ఎల్విస్ 'పీస్ ఇన్ ద వ్యాలీ' అనే భక్తి పాట పాడాడు.

ఒకే మనిషి, ఒకే రాత్రి. నడుము కింద సైతాను, నడుము పైన దేవుడు. నవల రాసేవాళ్లకు ఇంకేం కావాలి చెప్పండి!

ఆ పాట దగ్గర నేను ఆగిపోయాను. ఎవరు రాశారా అని వెతికితే థామస్ డార్సీ అని తెలిసింది. నల్లజాతి మనిషి. మొదట్లో 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ పాటలు, అందులోనూ కాస్త మసాలా పాటలు పాడేవాడు. 1932లో భార్య పురిట్లో చనిపోయింది. పసివాడూ దక్కలేదు. ఆ దుఃఖంలో రాసిన పాటే 'ప్రెషస్ లార్డ్'. బ్లూస్‌లో ఉన్న ఏడుపునీ, ఊపునీ ప్రార్థనలోకి తెచ్చాడాయన. అలా చేసినందుకు మొదట్లో చాలా చర్చిలు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. మన సంఘాల్లో డ్రమ్స్, కీబోర్డు పెట్టినప్పుడు పెద్దలు అలిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

సిస్టర్ రోసెటా తార్ప్ కథ ఇంకా బావుంటుంది. 1915లో ఆర్కాన్సాలో పుట్టింది. తల్లి సువార్తికురాలు. ఈ పిల్ల ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని దేవుడి పాటలు పాడుతుంటే జనం ఊగిపోయేవారు. 1944లో ఆమె రికార్డు చేసిన ఒక భక్తి పాటను రాక్ అండ్ రోల్‌కు తొలి అడుగుల్లో ఒకటిగా లెక్కేస్తారు. ఎల్విస్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటిచ్చింది 2018లో. అప్పటికి ఆమె పోయి 45 ఏళ్లు.

అంటే నా నవలల్లో 'బయటి నుంచి వచ్చి చర్చిని చెడగొట్టే సంగీతం' అసలు చర్చిలోనే పుట్టింది. కాకపోతే వేరే చర్చిలో, రోడ్డుకు అవతలి వైపున్న చర్చిలో.

దేవుడా, పాటా అన్న ఆ గొడవను నిజంగా పడ్డవాళ్లు ఉన్నారు. శామ్ కుక్ పాస్టరు కొడుకు. భక్తి పాటల బృందంలో పెద్ద పేరు. ప్రేమ పాట పాడాలనిపించింది. చర్చి వాళ్లు ఏమంటారోనని మొదటి రికార్డును 'డేల్ కుక్' అన్న దొంగ పేరుతో వదిలాడు. గొంతు దాగుతుందా? అందరూ పట్టేశారు. లిటిల్ రిచర్డ్ అయితే 1957లో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలోనే రాక్ అండ్ రోల్ వదిలేస్తున్నానని ప్రకటించి, వచ్చి బైబిలు కాలేజీలో చేరాడు. కొన్నాళ్లకు మళ్లీ స్టేజీ ఎక్కాడు. వీళ్ల జీవితాల్లో ఆఖరి పేజీ అంటూ లేదు. వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం.

మరి నా నవలల్లో హీరో ఎవరు? ప్యాట్ బూన్. పేరు అది కాకపోయినా మనిషి అతనే. బూన్ ఈ నాష్‌విల్‌లోనే పెరిగాడు. తెల్లటి బూట్లు, శుభ్రమైన నవ్వు. 1953లో, 19 ఏళ్ల వయసులో, రెడ్ ఫోలీ అనే పెద్ద గాయకుడి కూతురు షర్లీని ఇంట్లోంచి వెళ్లిపోయి పెళ్లి చేసుకున్నాడు. 1957లో 'ఏప్రిల్ లవ్' సినిమాలో హీరోయిన్‌ను ముద్దు పెట్టుకోవాల్సి వస్తే, నేను పెళ్లయినవాణ్ణి, మా ఆవిడతో ఒక మాట చెప్పాలి అన్నాడట. అది దేశమంతా వార్త. మరుసటి ఏడాది కుర్రకారుకు బుద్ధులు చెబుతూ అతను రాసిన పుస్తకం తెగ అమ్ముడుపోయింది.

నాకు బూన్ అంటే కోపం లేదు. ముద్దుకు ముందు భార్యను అడిగిన మగాడు ఏ కాలంలోనైనా ముద్దొస్తాడు. కానీ అతను పైకొచ్చిన దారి చూడండి. 1955లో ఫ్యాట్స్ డామినో ఒక పాట పాడాడు. నల్లవాడు కాబట్టి చాలా తెల్ల రేడియోలు దాన్ని వేసేవి కావు. అదే పాట బూన్ పాడితే నంబర్ వన్. లిటిల్ రిచర్డ్ 'టుటీ ఫ్రూటీ'నీ బూన్ అలాగే మళ్లీ పాడాడు. పాట ఒకటే, గ్లాసు మార్చారు.

ఇంతవరకూ చదివాక ఒక ఆదివారం ఊళ్లోని పెద్ద లైబ్రరీకి వెళ్లాను. అది ఉన్న వీధి పేరు కూడా చర్చ్ స్ట్రీటే. పై అంతస్తులో పౌరహక్కుల గది ఉంది. మధ్యలో గుండ్రంగా తిరిగిన ఒక బల్ల, చుట్టూ స్టూళ్లు. చూడగానే నవ్వొచ్చింది. నా నవలల అట్ట మీది బల్ల లాగే ఉంది! దగ్గరికెళ్లి చదివాక నవ్వు ఆగిపోయింది.

అప్పట్లో వూల్‌వర్త్ లాంటి పెద్ద దుకాణాల్లో సామాన్లతో పాటు ఒక లంచ్ కౌంటర్ ఉండేది. నల్లవాళ్లు ఆ దుకాణంలో సబ్బు కొనొచ్చు, దువ్వెన కొనొచ్చు. డబ్బుకు రంగు లేదు కదా! కానీ ఆ స్టూలు మీద కూర్చుని ఒక కప్పు కాఫీ తాగడానికి లేదు. 1960 ఫిబ్రవరి 13న నాష్‌విల్‌లో కాలేజీ పిల్లలు, శుభ్రంగా ఇస్త్రీ బట్టలు వేసుకుని, పుస్తకాలు పట్టుకుని వచ్చి ఆ స్టూళ్ల మీద కూర్చున్నారు. కాఫీ ఇవ్వలేదు. వాళ్లు లేవలేదు. రెండు వారాల తర్వాత, 27న, కుర్రమూక వచ్చి వాళ్లను కొట్టింది, కిందికి లాగింది. పోలీసులు వచ్చి అరెస్టు చేసింది మాత్రం కూర్చున్నవాళ్లను. వాళ్లలో జాన్ లూయిస్ ఒకడు. ఇరవై ఏళ్లు. పాస్టరు కావాలని బైబిలు కాలేజీలో చదువుకుంటున్నాడు.

ఆ పిల్లలకు శిక్షణ ఇచ్చింది జేమ్స్ లాసన్ అనే యువ పాదిరి. ఎక్కడ నేర్చుకున్నాడో తెలుసా? మన నాగ్‌పూర్‌లో. 1950లలో మూడేళ్లు అక్కడి హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ గారి పద్ధతి చదువుకుని వెళ్లాడు. నాష్‌విల్‌లో ఒక చర్చి నేలమాళిగలో పిల్లల్ని కూర్చోబెట్టి, తిడితే ఎలా ఊరుకోవాలి, మీద ఉమ్మితే ఎలా కూర్చోవాలి అని సాధన చేయించాడు. లైబ్రరీలోని ఆ బల్ల మీద వాళ్లు పెట్టుకున్న నియమాలు రాసి ఉన్నాయి. తిరిగి కొట్టకూడదు, నిటారుగా కూర్చోవాలి, కౌంటర్ వైపే చూడాలి, మర్యాదగా ఉండాలి. యేసు, గాంధీ, కింగ్ బోధలు గుర్తుపెట్టుకోవాలి. నేను అక్కడే ఒక స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ ఏడాది మే 10న నాష్‌విల్ కౌంటర్లు కొన్ని నల్లవాళ్లకూ తెరుచుకున్నాయి.

ఇప్పుడు చెప్పండి. 1957లో టెనెసీలో ఒక సోడా షాపు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇద్దరూ విశ్వాసులే. ఇద్దరూ ఒకే దేవుడి పాట పాడతారు. జోడు కుదిరినట్టే కదా! కానీ ఒకరు తెల్ల, ఒకరు నలుపు అయితే? ఒక గ్లాసులో రెండు స్ట్రాల సంగతి దేవుడెరుగు, పక్కపక్క స్టూళ్లు కూడా దొరకవు. పెళ్లి చేసుకుంటే జైలు. అలాంటి పెళ్లిళ్లను నిషేధించే చట్టాలు టెనెసీతో సహా 16 రాష్ట్రాల్లో 1967 దాకా ఉన్నాయి. ఆ ఏడాది జూన్ 12న, వర్జీనియాకు చెందిన లవింగ్ దంపతుల కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఇంటిపేరే 'లవింగ్'. నవలలో రాస్తే అతిగా ఉందంటారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో 'హ్యాపీ పాత్' అని ఒకటుంది. యూజర్ అన్నీ సరిగ్గా నొక్కితే, నెట్ ఆగకపోతే, సర్వర్ పడిపోకపోతే ప్రోగ్రామ్ నడిచే దారి. కొత్తగా చేరినవాళ్లు అదొక్కటే పరీక్ష చేసి "పనిచేస్తోంది" అంటారు. సీనియర్ వచ్చి, "ఎవరికి పనిచేస్తోంది?" అని అడుగుతాడు. నా నవలలు హ్యాపీ పాత్ మాత్రమే రాశాయి. అవి చెప్పింది అబద్ధం కాదు. ఆ అమ్మాయి, ఆ మిల్క్‌షేక్, ఆ ప్రార్థన, ఆ సిగ్గు అన్నీ నిజమే. కానీ ఆ షాపు తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ల మాట ఆ పేజీల్లో లేదు.

ఇదంతా నాకెందుకు ఇంత గుచ్చుకుందో చెప్పాలి కదా.

అతనూ నేనూ ఇంజినీరింగ్‌లో క్లాస్‌మేట్లం. ఫస్టియర్ క్రిస్మస్ కార్యక్రమానికి అతను గిటారు వాయించాడు, నేను పాడాను. వాళ్లు కథోలికులు, మేము బాప్టిస్టులం. మా తాతల తాతలు ఒంగోలు దగ్గర క్లౌ దొర కాలంలో విశ్వాసంలోకి వచ్చారు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలతో పాటు నేర్పుతారు. క్లౌ గారు వచ్చింది అమెరికా నుంచే. చూశారా, తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాం.

అతనిది ఊళ్లో ఇల్లు. మాది ఊరి చివర పల్లెలో. ఇంతకంటే వివరంగా చెప్పాలా? మన దగ్గర పుట్టినవాళ్లకు అక్కర్లేదు.

మొన్న ఏప్రిల్‌లో నాన్నకు చెప్పాను. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ ఉదయం ఎనిమిది. నాన్న రిటైరైన టీచరు, సంఘ పెద్ద. కోప్పడలేదు. కాసేపాగి, "వాళ్లు కథోలికులు కదమ్మా" అన్నారు. అటు అతని ఇంట్లో కూడా అదే మాట. "వాళ్లు వేరే సంఘం కదరా." రెండిళ్లూ ఒకే సాకు ఎంచుకున్నాయి. ఎవరూ అసలు మాట అనలేదు. మా నవలల్లో లాగే.

నెల రోజులు అలాగే గడిచింది. తర్వాత ఒక రాత్రి నాన్నకు ఆ లైబ్రరీ బల్ల సంగతి చెప్పాను. జాన్ లూయిస్ సంగతి, నాగ్‌పూర్ సంగతి, కాఫీ సంగతి. పక్కన అమ్మమ్మ వింటోంది. ఎనభై దాటిందామెకు. అంటే నా నవలల హీరోయిన్ వయసే. ఫోన్లోనే అంది: "మాకూ ఉండేదిగా. టీ కొట్టు చూరుకి మా గ్లాసులు వేరేగా వేలాడదీసేవాళ్లు. తాగి, మేమే కడిగి, మళ్లీ తగిలించాలి." చాలా మామూలుగా చెప్పింది, వానొచ్చింది అన్నట్టు.

అప్పుడు నాన్న నోరు విప్పారు. "నీకు కథోలికుల గొడవ అని చెప్పాను గానీ అది కాదమ్మా. నేను టెన్త్‌లో ఉండగా ఒక స్నేహితుడు భోజనానికి పిలిచాడు. మంచివాడు. వాళ్లమ్మ అరుగు మీద విస్తరి వేసింది. వాడు లోపల తిన్నాడు. నాకు ఇప్పటికీ ఆ అన్నం రుచి గుర్తే, బాగానే ఉంది. నువ్వు ఆ అరుగు మీద కూర్చోకూడదు. అంతే నా భయం."

నాన్నను ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. ఆ అరుగు గురించి నాకు ఆ రోజే తెలిసింది.

అదే రాత్రి అతనికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఆదివారం ఊరెళ్లి, వాళ్లమ్మను కూర్చోబెట్టి, సంఘం సాకు పక్కన పెట్టి అసలు మాట అడిగాడట. ఇల్లు రెండు రోజులు అట్టుడికిందట. మూడో రోజు వాళ్లమ్మ, "వాళ్లింటికి వెళ్లొద్దాం పద, ముందు చూడనీ" అన్నారట. దాన్ని ఒప్పుకోవడం అనాలో, వాయిదా వేయడం అనాలో మాకు తెలియలేదు.

పోయిన శనివారం వాళ్లు మా ఇంటికి వచ్చారు. మా పల్లెలోకి ఆ ఇంటి మనుషులు చెప్పులు విప్పి లోపలికి రావడం అదే మొదటిసారి. నేను ఇక్కడ శుక్రవారం రాత్రంతా నిద్రపోలేదు. ఫోన్ పట్టుకుని కూర్చున్నా. చేతిలో ఓ నవల, ఒక్క పేజీ కూడా తిరగలేదు.

వాళ్లు వెళ్లాక అమ్మ ఫోన్ చేసింది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఏమన్నారు?" అని కాదు. "టీ తాగారా?" అని.

"తాగారమ్మా. కొత్త కప్పులు తీశాను. ఆయన మొత్తం తాగేశారు. ఆవిడ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టారు. చక్కెర ఎక్కువైందేమో."

"చక్కెరేనా అమ్మా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. వెనకాల నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "రెండు గుక్కలు తాగిందిగా. దానికి అరవై ఏళ్లు పట్టింది. మిగతాది ఈసారి తాగుతుందిలే, చక్కెర తగ్గించమని చెప్పు."

ఇది నవలైతే ఇక్కడ పెళ్లి మాట ఉండాలి. ఇంకా లేదు. వచ్చే నెల మా నాన్న వాళ్లింటికి వెళ్తున్నారు. అతను ఒక్కటే మాటిచ్చాడు: "మీ నాన్న ఎక్కడ కూర్చుంటే నేనూ అక్కడే కూర్చుంటా."

నవలలు మానేశానా అంటే, లేదు. నిన్న రాత్రి కూడా ఒకటి మొదలుపెట్టా. జ్యూక్‌బాక్స్ మోగుతోంది, అమ్మాయి సిగ్గుపడుతోంది. చివరికి కలుస్తారని నాకు తెలుసు. కాకపోతే ఇప్పుడు ఆ షాపు తలుపు తెరుచుకున్నప్పుడల్లా, లోపలికి వచ్చింది ఎవరా అని కాస్త తలెత్తి చూస్తున్నాను.